వస్తువు, సరుకు, నేత

మన విమర్శలో 'వస్తువు' అనే మాటకు ఉన్నంత చెలామణి మరే మాటకూ లేదు. కావ్యవస్తువు, కథావస్తువు, వస్తువు ముఖ్యమా శిల్పం ముఖ్యమా అనే తర్కంతో మన సభల్లో ఎన్ని సాయంకాలాలు గడిచాయో లెక్క లేదు. అయితే ఆ మాటకు ఇంట్లో ఉన్న అర్థాన్ని మాత్రం విమర్శకులం మరచిపోయాము. ఇంట్లో వస్తువంటే చెంబు, చాప, దీపం, గొడుగు. చేతితో పట్టుకునేది, కొనేది, కష్టకాలంలో తాకట్టు పెట్టేది. అదే బజారులో ఉన్నప్పుడు దాని పేరు సరుకు. ఈ అర్థాలన్నీ ఒక చోట కలుసుకునే కళ ఒకటున్నది. నిత్యం వాడే సామాన్లను ఉన్ని దారాలతో నేసి, గోడంత తెరలుగా వేలాడదీసే ఆధునిక కళ అది. దానిని టాపెస్ట్రీ అంటారు.

సాహిత్య పత్రికలో గోడతెరల ప్రసక్తి ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఆ అవసరం నాకు తరగతి గదిలో కలిగింది. వస్తుశిల్పాల పాఠం చెబుతూ ఇంగ్లండు కళాకారుడు గ్రేసన్ పెర్రీ 2012లో తయారు చేసిన ఆరు టాపెస్ట్రీల అచ్చుబొమ్మలను విద్యార్థులకు చూపించాను. సెల్‌ఫోను, కాఫీకూజా, సంచి, చొక్కా - ఇంత మామూలు సామాన్లతో ఒక దేశపు వర్గచరిత్ర చెప్పాడు చూడండి అని ఉత్సాహంగా వ్యాఖ్యానించాను. నేతపనివారి ఇంటి నుంచి వచ్చిన ఒక కుర్రవాడు లేచి, "బొమ్మ ఆయనది సరే మాస్టారూ, మగ్గం మీద కూచున్నదెవరు?" అని అడిగాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వి పాఠం ముగించాను. నిజానికి నా దగ్గర జవాబు లేదు. శ్రీశ్రీ 'దేశచరిత్రలు' ఏటేటా పాఠం చెప్పే నేను అడగవలసిన ప్రశ్న అది. విద్యార్థి అడిగాడు, నేను తప్పించుకున్నాను. ఆ బాకీ తీర్చడానికే ఈ వ్యాసం.

ముందు ఆ నేత సంగతి చెప్పాలి. టాపెస్ట్రీ అంటే నేసిన గుడ్డ మీద వేసిన బొమ్మ కాదు. అద్దకం కాదు, కుట్టుపనీ కాదు. నేతలోనే బొమ్మ పుడుతుంది. పడుగు దారాలను బిగించి ఉంచుతారు. పేక మాత్రం మామూలు గుడ్డలో వలె ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోదు. ఏ రంగు పేక ఆ రంగు ఉండవలసిన మేరకే పోయి వెనక్కు తిరుగుతుంది. తరువాత దానిని దట్టంగా కొడతారు. పని పూర్తయ్యేసరికి పడుగు కంటికి కనిపించదు. ఉన్ని పేక దానిని పూర్తిగా కప్పివేస్తుంది. బరువు మోసేది పడుగు, పేరు పొందేది పేక. ఇది అలంకారం కోసం చెబుతున్న మాట కాదు, మగ్గం మీద జరిగే పని.

ఈ కళ పుట్టుపూర్వోత్తరాలలో మనం గర్వించవలసినది తక్కువ. ఐరోపా రాజులు, మతాధిపతులు తమ రాతికోటల చలి ఆపడానికీ, తమ వైభవం చాటడానికీ దీనిని పోషించారు. 1662లో 14వ లూయీ ప్రభుత్వం పారిస్‌లోని గోబెలాఁ కార్ఖానాలను తన చేతిలోకి తీసుకున్నది. చిత్రకారుడు పూర్తి కొలతలతో నమూనా గీస్తాడు, నేతగాడు దానిని చూసి నేస్తాడు. వాటికన్‌లోని సిస్టైన్ ప్రార్థనాలయానికి రఫేలు నమూనాలు గీస్తే, బ్రస్సెల్స్‌లో పీటర్ వాన్ ఆల్‌స్ట్ కార్ఖానాలో వాటిని నేశారు. రఫేలు పేరు లోకానికంతా తెలుసు. కార్ఖానా యజమాని పేరు చరిత్ర చదివినవారికి తెలుసు. మగ్గాల మీద ఏళ్లు గడిపినవారి పేర్లు ఎందరికి తెలుసు?

అంత దూరం పోనవసరం లేదు. చండీగఢ్ హైకోర్టు గదుల కోసం 1950ల నడుమ లె కార్బూసియే తొమ్మిది పెద్ద ఉన్ని టాపెస్ట్రీలు రూపొందించాడు. గదులలో ప్రతిధ్వని తగ్గించడం కూడా వాటి ప్రయోజనమే. నేసినవారు కశ్మీరు పనివారు. మనం మాత్రం వాటిని కార్బూసియే టాపెస్ట్రీలనే అంటాము. తల గీసింది, చేయి చేసింది, పేరు తలకు దక్కింది. మేధోశ్రమకూ కాయకష్టానికీ మధ్య వర్గసమాజం తవ్విన అగాధం ఇక్కడ కంటికి కనిపించేటంత స్పష్టంగా ఉన్నది.

ఈ నేపథ్యంలో పెర్రీని చూడాలి. ఆయన ప్రధానంగా కుండలు చేసే కళాకారుడు. 2003లో టర్నర్ బహుమతి పొందాడు. 2012లో ఒక టెలివిజన్ కార్యక్రమం కోసం ఇంగ్లండులో మూడు తరగతులవారి అభిరుచులు పరిశీలిస్తూ సండర్లండ్, టన్‌బ్రిడ్జ్ వెల్స్, కాట్స్‌వోల్డ్స్ తిరిగాడు. ఆ యాత్రాఫలమే ఈ ఆరు టాపెస్ట్రీలు. ఒక్కొక్కటి 4 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. మొత్తానికి ఆయన పెట్టిన పేరును 'చిన్న తేడాల డాబు' అని తెలుగు చేసుకోవచ్చు. మూలం 18వ శతాబ్దపు చిత్రకారుడు హోగార్త్. హోగార్త్ ఎనిమిది చిత్రాలలో టామ్ రేక్‌వెల్ అనే వర్తకుని కొడుకు తండ్రి కూడబెట్టిన సొత్తు తగలేసి పిచ్చాసుపత్రిలో ముగుస్తాడు. 1735లో ఆ చిత్రాలు అచ్చుబొమ్మలుగా వచ్చి ఎందరి ఇళ్లకో చేరాయి. పెర్రీ కథానాయకుడు టిమ్ రేక్‌వెల్. ఇతడు కార్మికుల పేటలో పుట్టి, కంప్యూటర్ వ్యాపారంతో కోటీశ్వరుడై, రోడ్డు మీద చస్తాడు.

మొదటి తెరలో పసివాడు టిమ్ తల్లి చేతిలోని సెల్‌ఫోను కోసం చేయి చాస్తాడు. తల్లి ప్రేమకు ఆ ఫోను పోటీదారు. ఎదుట ఇద్దరు మల్లులు మోకరిల్లి కానుకలు సమర్పిస్తున్నారు. పశువుల కాపరులు బాలయేసును కొలిచే పాత చిత్రాల పోలికలో. ఆ కానుకలలో ఒకటి సండర్లండ్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా, రెండవది గనికార్మికుని దీపం. ఈ రెండు వస్తువుల దగ్గర కాసేపు ఆగాలి. సండర్లండ్‌లో మంక్‌వేర్‌మౌత్ బొగ్గుగని 1993లో మూతపడింది. ఆ నేల మీదనే ఫుట్‌బాల్ జట్టు మైదానం కట్టి 1997లో తెరిచారు. దానికి 'వెలుగు మైదానం' అని పేరు పెట్టి, బయట గనిదీపం స్మారకంగా నిలిపారు. అనగా తాత చేతిలో పనిముట్టుగా ఉన్న దీపం మనుమని నాటికి గుర్తుబిళ్ల అయింది. పని పోయింది, పని చిహ్నం మిగిలింది. పెర్రీ ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పలేదు. చొక్కానూ దీపాన్నీ పక్కపక్కన నేశాడు. ఇది నిజమైన కళాకారుని చూపు.

రెండవ తెరలో ఓడల కార్ఖానా క్రేను శిలువ స్థానంలో నిలబడి ఉన్నది. సండర్లండ్ ఓడల కార్ఖానాలు 1980ల చివర మూతపడ్డాయి. బడి దుస్తుల్లో ఉన్న టిమ్, సవతి తండ్రి పాట వినలేక సిగ్గుతో చెవులు మూసుకుంటాడు. కొత్త సభ్యునికోసం మధ్యతరగతి గుమ్మంలో మార్గరెట్ థాచర్, టెలిఫోను సేవల కేంద్రపు మేనేజరు కాచుకొని ఉంటారు. మూడవ తెరలో తల్లి ప్లాస్టిక్ పచ్చికను దుమ్ముయంత్రంతో శుభ్రం చేస్తూ ఉండగా, కొడుకు చదువుకున్న వారి విందుబల్ల వైపు వెళ్లిపోతాడు. నాలుగవ తెరలో అతని పల్లెటూరి విడిది వంటిల్లు. బల్ల నిండా కాఫీకూజా, మందులు వేయని కూరగాయలు, కలవారి సుకుమారపు సరంజామా. కంపెనీని పెద్ద ఖరీదుకు అమ్మిన వార్త అక్కడే అందుతుంది. అయిదవ తెరలో ట్వీడు గుడ్డ చర్మంగా కప్పుకొన్న దుప్పిని కుక్కలు చీల్చుతుంటాయి. ఆ కుక్కలు పన్నులు, ఇంటి మరమ్మతులు, ఇంధనపు బిల్లులు, సాంఘిక మార్పు. ఆ దుప్పి పాత భూస్వామ్యవర్గం. ఆరవ తెరలో టిమ్ తన కారు గుద్దుకొని, దుకాణాల సముదాయం దగ్గర రోడ్డు మీద, ఎవరో దారిన పోయే నర్సు చేతుల్లో చనిపోయి ఉంటాడు. రెండవ భార్య ఖరీదైన సంచిలోని సామాను చిందరవందరగా పడి ఉంటుంది. ఫోను పగిలి ఉంటుంది. చూసేవారు తమ ఫోన్లతో అతని శవాన్ని ఫోటో తీస్తుంటారు.

ఆరు తెరలను వరుసగా పెట్టి చూడండి. పనిముట్లు క్రమంగా మాయమవుతాయి, కొనుగోలు సరుకులు పెరుగుతాయి. గనిదీపం, క్రేను మొదటి రెండింటిలోనే. అవి కూడా చిహ్నాలుగా. తరువాత ఎక్కడ చూసినా మనిషి కొన్నవే. మనిషి చేసినవి కావు. మొదటి తెరలో పసివాడు అందుకోబోయిన ఫోను ఆఖరి తెరలో పగిలిపోయి పడి ఉన్నది. ఒక జీవితమంతా ఆ రెండు ఫోన్ల మధ్య గడిచింది.

ఈ కథను అచ్చులో చెబితే చాలదా, ఉన్ని ఎందుకు? దీనికి రెండు సమాధానాలున్నాయి. మొదటిది, రాజుల మందిరాలకే అలవాటైన ఘనమైన రూపంలోకి పెర్రీ కార్మికుల ఇంటి సోఫాను తీసుకు వచ్చాడు. దేవదూతలు నిలిచిన చోట మల్లులు నిలిచారు. రెండవది మరింత సూక్ష్మమైనది. ఫోను నున్నని అద్దం. చూపును తనవైపు లాగి, తనలోని వెలుగులో మనిషిని ముంచివేయడం దాని స్వభావం. ఉన్నిలో ఆ వెలుగు ఆరిపోతుంది. దాని మీద వేలు జారదు. పక్కన ఉన్న సోఫా, చొక్కా, చేయి ఎంత గరుకో అదీ అంతే గరుకు. సరుకు మీది మెరుపు పోగానే దానిని పట్టుకున్న చేయి కనబడుతుంది. సరుకుకున్న మాయను గురించి మనం పుస్తకాల్లో చదువుకున్నాము. ఆ మాయను దారం ఇట్లా తుడిచివేయడం ఈ కళ సాధించిన విజయం.

ఇంతవరకు తరగతిలో నేను చెప్పినదే. ఇక చెప్పనిది చెప్పాలి.

పెర్రీ వర్గాన్ని అభిరుచిగా చూస్తాడు. ఎవరు ఏ కూజాలో కాఫీ కాచుకుంటారు, ఏ గోడకు ఏ కాగితం అంటించుకుంటారు అనే తేడాలలో ఆయన చూపు అతి నిశితమైనది. కాని వర్గమంటే ఇంట్లో ఏమున్నదన్నది మాత్రమే కాదు. ఎవరి పని మీద ఎవరి బతుకు నిలబడి ఉన్నదన్నది. టెలిఫోను కేంద్రపు మేనేజరు తెరమీద ఉన్నాడు. అక్కడ రోజంతా ఫోనెత్తే ఆడపిల్ల పని లేదు. టిమ్ కంపెనీ అమ్ముడుపోయింది. ఆ కంపెనీలో పని చేసినవారి ఊసు లేదు. తోటల మధ్య టిమ్ దంపతులు నడుస్తారు, తోటమాలి ఎక్కడ? పేరులోనే 'చిన్న తేడాలు' అన్నాడు. అది వ్యంగ్యమని నాకు తెలుసు. అయినా వ్యంగ్యం చిన్న తేడాలను వెక్కిరిస్తుంది గాని, పెద్ద తేడా ఎక్కడ పుడుతున్నదో చూపదు. వస్తువు మనిషి చేతికి వచ్చిన తరువాత దాని కథ ఆయన చెబుతాడు. అంతకు ముందు ఏ చేతి నుంచి వచ్చిందో చెప్పడు.

ఈ లోపం ఆ టాపెస్ట్రీల తయారీలో కూడా ఉన్నదా? విద్యార్థి ప్రశ్న ఇదే. మగ్గం మీద పాత అర్థంలో ఎవరూ కూచోలేదు. పెర్రీ బొమ్మను గీసి కంప్యూటరులో దిద్దాడు. బెల్జియంలో కంప్యూటరు నడిపే మగ్గాలు దానిని నేశాయి. ఉన్నితో పాటు నూలు, పట్టు, కృత్రిమపు దారాలు కూడా అందులో కలిశాయి. యంత్రం నేసింది కనుక అది కళ కాదనే వాదం నాకు సమ్మతం కాదు. చేతిపని పట్ల భక్తి వేరు, చేతిపనివాని పట్ల గౌరవం వేరు. కాని ఆ యంత్రానికి ఒక చరిత్ర ఉన్నది. 1804 ప్రాంతంలో లియోఁ నగరంలో జక్కార్ చిల్లుల అట్టలతో నడిచే మగ్గాన్ని రూపొందించాడు. అదే నగరంలో పట్టునేత కార్మికులు గిట్టుబాటు రేట్ల కోసం 1831లో తిరుగుబాటు చేశారు. 1834లో మళ్లీ చేశారు. సైన్యం వారిని అణచివేసింది. ఆ చిల్లుల అట్టలనే బాబేజి తన లెక్కల యంత్రపు పథకంలోకి తీసుకున్నాడు. కంప్యూటరుకు ఒక పూర్వీకుడు మగ్గం. టిమ్‌ను కోటీశ్వరుని చేసిన కంప్యూటర్ వ్యాపారమూ, టిమ్ కథను నేసిన మగ్గమూ ఒకే వంశం. ఇంత గొప్ప వస్తువు పెర్రీ చేతిలోనే ఉన్నది, పడుగులాగ. పేక దానిని కప్పివేసింది.

న్యాయంగా మరొక మాట చెప్పాలి. ఈ ఆరు టాపెస్ట్రీలను ఒక ప్రతి వరుసగా ప్రజాసంగ్రహాలకు ఇచ్చారు. అవి ఊరూరా ప్రదర్శన తిరిగాయి. కోటీశ్వరుని గోడకే పరిమితం కాలేదు. అయినా చూసినవాడు "మా ఇంట్లోనూ ఇదే కూజా" అని నవ్వుకొని ఇంటికి పోవడానికి వాటిలో చోటున్నది. ఆ నవ్వుతో ఆగకుండా ముందుకు పోయిన కళాకారిణి ఒకామె ఉన్నది.

ఆమె హన్నా రిగ్గెన్. 1894లో స్వీడన్‌లోని మాల్మోలో పుట్టింది. ఉపాధ్యాయురాలిగా శిక్షణ పొందింది, చిత్రలేఖనం నేర్చింది. నార్వే చిత్రకారుడు హాన్స్ రిగ్గెన్‌ను పెళ్లాడి, 1924లో సముద్రతీరాన ఓర్లాండ్‌లో చిన్న కమతం మీద కాపురం పెట్టింది. మొదట్లో ఆ ఇంటికి కరెంటు లేదు, కుళాయి లేదు. భర్త మగ్గం చేసిపెట్టాడు. సొంత గొర్రెల ఉన్ని తానే వడికింది. చెట్ల బెరడు, ఆకులు, రాళ్ల మీద పెరిగే నాచుమొక్కలతో రంగులు కాచింది. నీలానికి మూత్రం కావాలి. ఇంట్లో కుండ పెట్టి, వచ్చిన అతిథుల చేత కూడా ఆ కుండ నింపించేది. నమూనా గీసుకోకుండా నేరుగా మగ్గం మీదనే బొమ్మ నేసేది. ఇక్కడ గీసే తల, నేసే చేయి ఒకే మనిషివి.

ఇది స్వయంపోషక జీవితపు స్తోత్రం కాదు. ప్రతి మనిషీ తన గొర్రెను తాను పెంచుకుంటే సమాజం నడవదు. హన్నా గొప్పదనం ఆమె గొర్రెలలో లేదు. ఆ మారుమూల కమతంలో కూచుని లోకాన్ని చూసిన చూపులో ఉన్నది. 1933లో 'అప్పుల సముద్రంలో చేపలవేట' నేసింది. ఆర్థికమాంద్యంలో అప్పుల పాలైన బెస్తలు, రైతులు అందులో ఉన్నారు. వల, సముద్రం ఆమెకు నిత్యం కంటి ముందున్నవే. వాటిలోకి అప్పు వచ్చి చేరగానే అవి మరొక వస్తువయ్యాయి. 1935లో ముస్సోలినీ ఇథియోపియా మీద పడితే ఆ ఏడాదే 'ఇథియోపియా' నేసింది. 1937 పారిస్ ప్రదర్శనలో, పికాసో 'గెర్నికా' ఉన్న ఆ ప్రదర్శనలోనే, దానిని నార్వే మంటపంలో వేలాడదీశారు. కాని ఈటెకు గుచ్చిన ముస్సోలినీ తల ఉన్న భాగాన్ని కనబడకుండా చేశారు. గోడతెర కేవలం అలంకారమైతే దానిని దాచవలసిన పని ఎవరికీ ఉండదు. 1938లో జర్మన్ కమ్యూనిస్టు యువతి, ఒక పసివాడి తల్లి, లీజెలొట్టె హెర్మన్‌ను నాజీలు తల నరికి చంపారు. హన్నా ఆమెను ఉన్నిలో నిలిపింది.

1942 అక్టోబరు 6న ట్రోండ్‌హైమ్‌లో నాజీలు పదిమంది పౌరులను కాల్చి చంపారు. నాటకశాల దర్శకుడు హెన్రీ గ్లెడిట్ష్ వారిలో ఒకడు. మరుసటి ఏడు, జర్మను సైనికులు తన ఊళ్లోనే ఉండగా, ఆ తేదీ పేరుతోనే హన్నా పెద్ద టాపెస్ట్రీ నేసింది. హిట్లరు అందులో గాలిలో తేలే వికారపు బొమ్మ. మరొక పక్కన ఒక పడవ. పడవలో హన్నా, భర్త, కూతురు, గులాబీలు. తరువాత భర్తను కూడా నాజీలు నిర్బంధించారు; 1945లో 'గ్రీని' అనే ఆ జైలు పేరుతోనే మరొకటి నేసింది. 70 ఏళ్లు దాటిన తరువాత, 1966లో, వియత్నాం యుద్ధం మీద 'గడ్డిలో నెత్తురు' నేసింది. పచ్చని గళ్ల మధ్య ఎర్రని చారలు, ఒక పక్కన అమెరికా అధ్యక్షుడు జాన్సన్, తలమీద పశువులకాపరి టోపీ.

ఆ టోపీని పెర్రీ తెరలోని సంచితో పోల్చి చూడండి. రెండూ నిత్యం కనిపించే వస్తువులే. సంచి దాని యజమానురాలి అభిరుచి ఏమిటో చెబుతుంది. టోపీ దాని యజమాని ఎవరి నెత్తురుకు బాధ్యుడో చెబుతుంది. మొదటిది మనిషికీ సామానుకూ ఉన్న సంబంధం. రెండవది మనిషికీ మనిషికీ ఉన్న సంబంధం, సామాను మీదుగా. అభ్యుదయ కళకు వస్తువు కావలసింది ఈ రెండవది.

ఇక్కడ మన మిత్రులలో కొందరి పొరపాటు కూడా చెప్పాలి. ముస్సోలినీ, హిట్లరు ఉన్నారు కనుక హన్నా అభ్యుదయవాది అని వారు వెంటనే తీర్పు చెప్పగలరు. బొమ్మలో శత్రువు ముఖం ఉంటే చాలుననుకోవడం బొమ్మలో ఫోను ఉంటే చాలుననుకోవడం కన్న మెరుగేమీ కాదు. ఆమె ఇంట్లోని ఆ మూత్రపు కుండను గుర్తు చేసుకోండి. అంతకన్న మామూలు వస్తువు, అంతకన్న నీచమని ఎంచే వస్తువు మరొకటి లేదు. ఆమె దాని బొమ్మ నేయనక్కరలేకపోయింది. ఆమె నేసిన నీలంలోనే అది ఉన్నది. పెర్రీ తెరలో నిత్యవస్తువు బొమ్మగా ఉన్నది. హన్నా తెరలో నిత్యవస్తువు బొమ్మకు ఆధారంగా ఉన్నది. శిల్పమంటే వస్తువుకు పైన తొడిగే చొక్కా కాదని మనం ఎన్నో వ్యాసాలలో రాసుకున్నాము. దానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

ఒక ఒప్పుకోలు మిగిలింది. ఈ టాపెస్ట్రీలన్నిటినీ నేను అచ్చుబొమ్మల్లోనే చూశాను. నున్నని కాగితం మీద ఉన్ని గరుకు తెలియదు, ఎత్తు తెలియదు. పెర్రీ మీద నా తీర్పులో ఏదైనా కాఠిన్యం ఉంటే, ఎదుట నిలబడి చూసిన పాఠకులు దిద్దవచ్చు. హన్నా 1958లో నేసిన 'మనం ఒక నక్షత్రం మీద జీవిస్తున్నాము' ఓస్లోలో ప్రభుత్వ భవనంలో ఉండేది. 2011 జులై 22న ఒక మితవాద దుండగుడు అక్కడ పేల్చిన బాంబుకు అది కింది భాగాన చిరిగింది. బాగు చేసినవారు ఆ చిరుగును కుట్టారు కాని దాచలేదు. మచ్చ మచ్చగానే ఉన్నది. నేత తనకు జరిగినదానిని తనలోనే ఉంచుకుంటుందని ఆ మచ్చ చెబుతుంది.

ఆ విద్యార్థికి నేను ఇప్పుడు ఇట్లా జవాబు చెబుతాను. పెర్రీ మగ్గం మీద ఎవరూ కూచోలేదు, యంత్రం నేసింది. ఆ యంత్రం వెనక లియోఁ నేతకార్మికుల చరిత్ర ఉన్నది. దానిని ఆయన నేయలేదు. హన్నా మగ్గం మీద హన్నాయే కూచున్నది. చండీగఢ్ మగ్గాల మీద కశ్మీరు పనివారు కూచున్నారు, వారి పేర్లు మనం అడగనైనా లేదు. ఈ మూడు జవాబులూ బొమ్మ గురించినవే, బొమ్మకు బయటివి కావు. ఏ కావ్యాన్ని చదివినా, ఏ తెరను చూసినా దీనిలో వస్తువు ఏది అని ఇంతకాలం అడుగుతూ వచ్చాము. ఆ వస్తువు ఎవరి చేతి నుంచి వచ్చింది అని కూడా అడగడం మన విమర్శ నేర్చుకోవాలి. నాకు నేర్పినవాడు మగ్గం ఇంటి పిల్లవాడు. అతనిని చూసి ఆనాడు నవ్వినందుకు ఈ పత్రికాముఖంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.